లోపలి గడియ

సెకండు షిఫ్టు పదింటికి వదులుతుంది.
పైడిభీమవరం నుంచి కంపెనీ బస్సు
సగం నిద్రల్ని దారిపొడవునా దించుకుంటూ వచ్చి
నన్ను మూడు లాంతర్ల దగ్గర వదిలేసరికి
పదకొండుంపావు.
ఉల్లివీధి మలుపులో కుక్కలకి నా చెప్పుల చప్పుడు తెలుసు.
ఇంట్లోవాళ్ళకే
ఇంకా అలవాటు కాలేదు.

తలుపు కొట్టాలి.
ఒకసారికి మామ్మ దగ్గు,
రెండోసారికి అమ్మ గాజులు,
మూడోసారికి నాన్న.
లుంగీ ఎగ్గట్టుకుని, గోడ గడియారం వైపు చూసి,
నా వైపు చూడకుండా
గడియ తీస్తాడు.
ఒక్క మాట అనడు. ఆ అనకపోవడమే
కంచంలో అన్నం పక్కన చల్లారి ఉంటుంది.

మొదటి జీతంతో అందరికీ బట్టలు తెచ్చాను,
మామ్మకి కళ్ళజోడు.
రెండో జీతం రోజు అడిగాను:
"నాకో తాళంచెవి కావాలి."
అమ్మ చేతిలో పోపు గరిట ఆగింది.
"ఏటే, తలుపు తియ్యడానికి మేం సచ్చిపోనామేటి?"
మామ్మ అయితే కొత్త కళ్ళజోడులోంచి
అద్దెకొచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

నాన్నకి అర్థమవుతుందనుకున్నాను.
నెల్లిమర్ల మిల్లులో ఇరవై ఆరేళ్ళు
మూడు షిఫ్టులూ ఒంటి మీద మోసినవాడు,
జనపనార పొడి జుట్టులో పెట్టుకుని
ఏ వేళకో వచ్చేవాడు.
అప్పుడు గుర్తొచ్చింది,
ఆయన దగ్గరా తాళంచెవి ఎప్పుడూ లేదు.
ఆయనకి అమ్మ ఉండేది.
మడతమంచం గుమ్మానికి అడ్డంగా వేసుకుని
సైకిలు స్టాండు చప్పుడుకే లేచే అమ్మ.

ఆ ఆదివారం మేకుకున్న తాళంచెవి తీసుకుని
గంటస్తంభం దగ్గర గొడుగు కింద కూర్చునే
మస్తాను దగ్గరికి నేనే వెళ్ళాను.
నలభై రూపాయలు.
ఆకురాయి కింద ఇత్తడి కాసేపు కీచుమంది,
తర్వాత నా అరచేతిలో వెచ్చగా ఊరుకుంది.

సోమవారం రాత్రి
తాళం తిరిగింది. తలుపు కదల్లేదు.
లోపల గడియ.

నవ్వొచ్చింది, నిజంగా.
నలభై రూపాయల స్వాతంత్ర్యం పట్టుకుని
వీధిలైటు కింద కాసేపు నిలబడి
మళ్ళీ కొట్టాను.
మామ్మ దగ్గు. గాజులు. లుంగీ.

తాళంచెవి కొనుక్కోవచ్చు.
గడియ వెయ్యకుండా నిద్రపోవడం మాత్రం
వాళ్ళు నాకివ్వాలి.
నలుగురి నిద్ర, మామ్మ చెవిదిద్దులు,
బీరువాలో ఇంటి కాగితాలు,
అన్నీ ఒట్టి తలుపు వెనకాల పెట్టి.
అది అడగడానికి నాకు నోరు రాలేదు.

దీపావళి వెళ్ళాక ఒక రాత్రి
తాళం తిప్పితే తలుపు కదిలింది.
కదిలి, ఖణేల్మంది.
వెనకాల నిలబెట్టిన ఇత్తడి చెంబు
గది పొడుగునా దొర్లి
మామ్మ మంచం కోడుకి తగిలి ఆగింది.
"దొంగ!" అంది మామ్మ.
"దొంగ కాదత్తా, నీ మనవరాలు. తొంగో"
అంది అమ్మ, లేవకుండా.
లేవకుండా!
నాన్న గురక పెడుతున్నాడు,
మరీ లెక్కగా. దొంగ గురక.

ఇప్పుడు చెంబు ఎక్కడుంటుందో నా వేళ్ళకి తెలుసు.
సందులోంచి చెయ్యి పెట్టి పక్కకి జరిపి
లోపలికొచ్చి
ఆవపెట్టిన అరటికూరతో నాలుగు ముద్దలు తిని
అందరి తర్వాత ఈ ఇంటికి గడియ వేసేది నేనే.
తుప్పు వాసన వేలికి అంటుతుంది.
ఇన్నాళ్ళూ నాన్న వేలికి ఉండిన వాసన.

మొన్న అలాగే వేసి పడుకున్నాను.
పన్నెండున్నరకి తలుపు మీద
భయం భయంగా ఒక దెబ్బ.
గౌరీసు. తమ్ముడు. సెకండు షో.
లేచాను. గోడ గడియారం చూశాను.
గడియ తీసి, వాడి వైపు చూడకుండా
పక్కకి తప్పుకున్నాను.
నాలిక చివరకి ఒక మాట వచ్చింది.
లోపల్నించి నాన్న దగ్గాడు.
మింగేశాను.

"నాకూ ఒకటి సేయించవా అప్పా,"
అన్నాడు వాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.
"నలభై రూపాయలు," అన్నాను.
"మిగతాది అమ్మనడుగు."